ప్రహేళికలు కూర్చిన ప్రధానోపాధ్యాయుడు

ప్రతిదినము వార్తాపత్రిక చేతికి రాగానే దేశవార్తలను గాని ధరవరలను గాని చూడక, తిన్నగా గళ్ళపటము గల పుటను వెదకువారు కొందఱు కలరు. ఆ పటమునకు పదబంధ ప్రహేళిక యని పేరు. ఇచ్చిన ఆధారములను బట్టి పదములను ఊహించి, తెల్లగళ్ళలో గడికొక యక్షరము చొప్పున నింపవలెను. అడ్డముగా పోవు పదమును నిలువుగా దిగు పదమును ఒక గడియందు కలిసికొన్నప్పుడు, ఆ గడిలోని యక్షరము రెంటికిని సరిపోవలెను. ఒకటి రెండు పదములు ఎంతకును తోపనప్పుడు తండ్రి కుమారుని, అన్న చెల్లెలిని, ఉపాధ్యాయుడు తోడి యుపాధ్యాయుని సాయమడుగుట కలదు. ఇందు సిగ్గుపడవలసినది ఏమియు లేదు. అయితే పూరించువాడు గాక, ప్రహేళికను కూర్చువాడే ఇతరుల సాయము పొందినయెడల నేమగును? ఆ సాయము చేసినవారు తన పాఠశాలలోని బాలురే యైనయెడల నేమగును? లియొనార్డు సిడ్నీ డాగారి జీవితమునందు ఈ ప్రశ్న మిక్కిలి గంభీరమైనదయ్యెను.

డాగారు 1889 వ సంవత్సరము నవంబరు 3 వ తేదీన ఇంగ్లాండు దేశమున జన్మించిరి. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయములోని ఇమ్మాన్యుయేలు కళాశాలయందు విద్యనభ్యసించిరి. చదువుతోపాటు ఆటలయందును వారికి ఆసక్తి మెండు. ఫుట్‌బాలు ఆటలో మంచి పేరు గడించి, సౌతాంప్టను జట్టు పక్షమున ఆడిరి. 1912 లో స్టాక్‌హోము నగరమున జరిగిన ఒలింపిక్ క్రీడలకు తమ దేశపు జట్టులో ఎన్నికయిరి గాని, మైదానమున దిగు అవకాశము వారికి కలుగలేదు. పిమ్మట ఉపాధ్యాయవృత్తి నవలంబించి, కాలక్రమమున దక్షిణ లండనులోని స్ట్రాండు పాఠశాలకు ప్రధానోపాధ్యాయులైరి. క్రమశిక్షణ విషయమున వారు కఠినులనియు, నీతినియమములు తప్పనివారనియు శిష్యులు తలంచుచుండిరి.

పదబంధ ప్రహేళిక బహు ప్రాచీనమైనది కాదు. ఇంగ్లాండునుండి అమెరికాకు వలసపోయిన ఆర్థరు విన్ అను పత్రికోద్యోగి 1913 వ సంవత్సరము డిసెంబరు 21 వ తేదీన న్యూయార్కు వరల్డు పత్రికలో మొదటిదానిని ప్రకటించెను. పదేండ్లు దాటునప్పటికి అది అమెరికాలో పిచ్చివలె వ్యాపించి, సముద్రము దాటి ఇంగ్లాండు చేరెను. లండనులోని డెయిలీ టెలిగ్రాఫు పత్రిక 1925 జూలై 30 వ తేదీన తన మొదటి ప్రహేళికను ప్రకటించెను. దానిని కూర్చినవారు డాగారే. నాటినుండి జీవితాంతమువఱకు ఆ పత్రికకు వేలకొలది ప్రహేళికలను వారు కూర్చి యిచ్చిరి. పగలు బడి, రాత్రి గళ్ళు. మన తెలుగు పత్రికలలో శ్రీశ్రీగారు మొదలగువారు ఈ కళను తరువాతి కాలమున ప్రచారములోనికి తెచ్చిరి.

ప్రహేళికను కూర్చుటలో రెండు పనులు కలవు. మొదటిది, నల్లగళ్ళు తెల్లగళ్ళు గల ఖాళీ పటమునందు ఒకదానినొకటి సరిగా ఖండించుకొనునట్లు పదములను ఇముడ్చుట. రెండవది, ఒక్కొక్క పదమునకు చమత్కారమైన ఆధారము వ్రాయుట. రెండవ పనికి అనుభవము కావలెను. మొదటిదానికి పదసంపదయు ఓర్పును చాలును. బుద్ధికి పదును పెట్టుటకై డాగారు అప్పుడప్పుడు పెద్ద తరగతుల బాలురను తమ గదికి పిలిచి, ఖాళీ పటము ముందుంచి, మీకు తోచిన పదములతో నింపుడని చెప్పుచుండిరట. తరువాత ఆ పదములకు తామే ఆధారములు వ్రాసి పత్రికకు పంపుచుండిరట. బాలురకు ఇది ఆటవలెను, గురువుగారికి కొంత సాయమువలెను ఉండెను.

రెండవ ప్రపంచయుద్ధము వచ్చెను. లండనుపై బాంబులు పడు భయముచేత స్ట్రాండు పాఠశాలను సర్రే మండలములోని ఎఫింగ్‌హాము గ్రామమునకు తరలించిరి. డాగారు సమీపమున నున్న లెదర్‌హెడ్డు పట్టణమున కాపురముండిరి. 1942 ఆగస్టు 17 వ తేదీనాటి ప్రహేళికలో డియెప్ అను పదము వచ్చెను. అది ఫ్రాన్సు దేశపు రేవుపట్టణము. రెండు దినములకు, 19 వ తేదీన, మిత్రరాజ్యముల సైన్యము ఆ రేవుపైననే దాడి చేసెను. ఆ దాడి విఫలమై, కెనడా దేశపు సైనికులు తొమ్మిదివందలకు పైగా ప్రాణములు కోల్పోయిరి. శత్రువునకు వార్తాపత్రిక ద్వారా సంకేతము పోయెనేమో యని అధికారులు విచారించి, అది కేవలము కాకతాళీయమని తేల్చిరి.

1944 లో దానిని మించిన సంగతి జరిగెను. జర్మనీ యధీనములో నున్న ఫ్రాన్సును విడిపించుటకై మిత్రరాజ్యములు నార్మండీ తీరమున దిగుటకు సిద్ధపడుచుండెను. స్థలమును దినమును పరమరహస్యములు. దాడి మొత్తమునకు ఓవర్‌లార్డు అనియు, అందు నౌకాదళపు భాగమునకు నెప్ట్యూన్ అనియు, అమెరికా సైనికులు దిగవలసిన రెండు తీరభాగములకు యూటా, ఒమాహా అనియు మాఱుపేర్లు పెట్టిరి. సముద్రము మీదుగా లాగుకొనిపోవుటకు కాంక్రీటుతో నిర్మించిన కృత్రిమ రేవులకు మల్బరీ అని పేరు. డాగారి ప్రహేళికలలో మే 2 వ తేదీన యూటా వచ్చెను. 22 వ తేదీన ఒమాహా వచ్చెను. 27 వ తేదీన ఓవర్‌లార్డు, 30 వ తేదీన మల్బరీ, జూను 1 వ తేదీన నెప్ట్యూన్ వచ్చెను. వీనికి ముందు నెలలలోనే గోల్డు, జూనో, స్వోర్డు అను మిగిలిన మూడు తీరభాగముల పేర్లును వచ్చియుండెను.

వీనిలో ఏ పదమును వింతపదము కాదు. యూటా ఒక రాష్ట్రము, ఒమాహా ఒక పట్టణము, మల్బరీ పట్టుపురుగుల మేతకై పెంచు చెట్టు, నెప్ట్యూన్ రోమనుల సముద్రదేవత. విడివిడిగా చూచిన నెవరికిని అనుమానము రాదు. అన్నియు వరుసగా వచ్చుటచేతనే అధికారులకు గుండె ఝల్లుమనెను. గూఢచారులను కనిపెట్టు శాఖకు చెందిన ఇద్దఱు ఉద్యోగులు లెదర్‌హెడ్డునకు వచ్చి డాగారిని గట్టిగా ప్రశ్నించిరి. ఆ పత్రికకే ప్రహేళికలు కూర్చు వారి మిత్రుని కూడ విచారించిరి. శత్రువునకు రహస్యములమ్మినవారికి ఆ దినములలో మరణశిక్ష విధింపబడుచుండెనని మఱువరాదు. ఈ పదములను ఎందుకు ఎన్నుకొంటివని అడిగినప్పుడు, ఎన్నుకొనకూడదను విధి యేదియు లేదు గదా యను భావముతో డాగారు సమాధానమిచ్చిరట. దోషము కనబడనందున ఉద్యోగులు వారిని విడిచిపెట్టిరి. జూను 5 వ తేదీకి నిర్ణయింపబడిన దాడి వాతావరణము బాగులేనందున ఒక దినము వాయిదాపడి 6 వ తేదీన జరిగెను. మొదటి దినముననే సుమారు 1,56,000 మంది సైనికులు నార్మండీలో దిగిరి. రహస్యము శత్రువునకు చేరలేదు.

1958 లో డాగారు బీబీసీ సంస్థవారి ప్రసారమునందు తమ్ము విచారించిన వృత్తాంతమును చెప్పిరి. ఆ సందర్భమున బాలుర ప్రసక్తి బయటికి రాలేదు. 1963 జనవరి 12 వ తేదీన వారు కాలధర్మము నొందిరి. ఇదంతయు విచిత్రమైన కాకతాళీయమేయని లోకము నమ్మెను.

వారు గతించిన 21 సంవత్సరములకు, అనగా 1984 లో, ఒక పూర్వవిద్యార్థి నోరు విప్పెను. 1944 లో అతడు 14 ఏండ్ల బాలుడు. పాఠశాల దాపున అమెరికా, కెనడా సైనికుల శిబిరములుండెను. బడి విడిచిన పిమ్మట బాలురు అక్కడికి పోయి సైనికులతో చనువుగా తిరుగుచుండిరి. వారి మాటలలో దొరలిన పేర్లను అతడు తన నోటుపుస్తకములలో వ్రాసికొని, గురువుగారి ఖాళీ పటములను నింపునప్పుడు వానిని వాడెనట. ఆ పేర్లు సైనికుల నోళ్ళలో నానుచునే యుండెననియు, దినమును స్థలమును మాత్రమే రహస్యములనియు అతడు చెప్పెను. దాడి జరిగిన కొలది కాలమునకు డాగారు అతనిని పిలిపించి, ఆ మాటలెక్కడివని అడిగి, నోటుపుస్తకములను చూచి నిర్ఘాంతపోయిరట. వానిని వెంటనే కాల్చివేయుమని ఆజ్ఞాపించి, ఈ సంగతి ఎవరికిని చెప్పనని బైబిలుపై ప్రమాణము చేయించిరట. ఆ బాలుడు 40 సంవత్సరములు ఆ మాట నిలుపుకొనెను. నాటి కట్టుదిట్టములను తలంచి ఈ కథను సందేహించువారును కలరు. సాక్ష్యము చెప్పవలసిన నోటుపుస్తకములు బూడిదయైపోయెను.

ఆ కథ నిజమైనచో, డాగారి మౌనమును ఎట్లు తలంపవలెను? శిష్యుని కాపాడుటకై వారు నోరు మూసికొనిరా? పిల్లలు నింపిన పటములను తమ కూర్పుగా పంపిన సంగతి బయటపడునని జంకిరా? రెండును ఉండియుండవచ్చును. ఒక్కటి మాత్రము స్పష్టము. ఉద్యోగులు వచ్చి నిలిచినది గురువుగారి గుమ్మము ముందే గాని బాలుని గుమ్మము ముందు కాదు. పరుల సాయము పుచ్చుకొనువాడు ఆ సాయములోని మంచిచెడ్డలను కూడ తనవిగా పుచ్చుకొనవలసినవాడే. పిల్లలు తెచ్చిన మాటలు ఎక్కడినుండి వచ్చినవని ముందుగా ఒక్కమాఱు అడిగియున్నయెడల, కాల్చవలసిన పుస్తకములే యుండకపోవును. ఉపాధ్యాయులమైన మేము దీనిని జ్ఞప్తియందుంచుకొనవలసియున్నది.

విద్యార్థులారా! రేపు మీ యింటి పత్రికలో గళ్ళపటము కనబడినప్పుడు ధైర్యముగా పెద్దలను సాయమడుగుడు. పెద్దలు మిమ్మును అడిగినప్పుడు సంతోషముగా చేయుడు. అయితే విన్న ప్రతి మాటయు ఎక్కడనైన నింపదగినది కాదు. నాలుగక్షరముల చిన్నపదమైనను, ఎవరి ప్రాణమునకో సంబంధించినదై యుండవచ్చును.