రాబర్టు బాయిలు: నొక్కబడిన గాలి బలము

సైకిలు చక్రమునకు గాలి కొట్టునపుడు పంపు వేడెక్కుటయు, చివరకు పిడి మన చేతిని ఎదురుతన్నుటయు విద్యార్థులెల్లరు ఎరిగినదే. ఆ ఎదురుబలమును కొలిచి లోకమునకు చూపిన మహనీయుడు రాబర్టు బాయిలు. నేడు గాలి తుపాకులకు గాలి నింపువారును, సిలిండరు వీపున దాల్చి సముద్రమున దిగువారును ఆయనకు ఋణపడియున్నారు. కావున ఆయన చరిత్రమును సంగ్రహముగా చెప్పబూనితిమి.

బాయిలు 1627 జనవరి 25 వ తేదీన ఐర్లండు దేశమందలి లిస్మోరు కోటలో జన్మించెను. తండ్రి కార్కు ప్రభువు, మిక్కిలి ధనవంతుడు. ఆయన సంతానములో రాబర్టు పదునాలుగవవాడు. మూడేండ్ల ప్రాయముననే తల్లి గతించెను. ఎనిమిదవ ఏట ఈటను పాఠశాలలో చేరెను. 1639 లో అన్నతోను ఉపాధ్యాయునితోను యూరపుఖండ యాత్రకు వెడలి, జెనీవాలో విద్య నభ్యసించెను. అచ్చట ఒక రాత్రి చెలరేగిన ఉరుములతోడి గాలివాన ఆయన మనస్సును దైవభక్తివైపు మరల్చెను. 1644 లో ఇంగ్లండునకు తిరిగివచ్చి, కొంతకాలమునకు ఆక్స్‌ఫర్డు నగరమున నివసించుచు ప్రకృతిశాస్త్ర పరిశోధనకు పూనుకొనెను.

జర్మనీలో ఆటో వాన్ గెరికె నిర్మించిన వాయుయంత్రమును గూర్చి విని, రాబర్టు హుకు సాయముతో 1659 లో దానికంటె మేలైన యంత్రమును చేయించెను. గాజుగోళములోని గాలిని వెలికి లాగగా, లోపలి దీపము ఆరిపోయెను. ఈ ప్రయోగములను 1660 లో ప్రకటించి, గాలికి స్ప్రింగువలె ఎదురొత్తు శక్తి కలదని బాయిలు వాదించెను. లైనసు అను జెసూటు పండితుడు దీనిని ఖండించెను. గాలికి అంత బలము లేదనియు, గొట్టములోని పాదరసమును కంటికి కనబడని త్రాడువంటిది పట్టి యుంచుచున్నదనియు ఆయన మతము. బాయిలు పరుషవాక్యములకు దిగక, ప్రయోగముచేతనే బదులు చెప్ప నిశ్చయించెను.

ఒక కొస మూయబడి, అడుగున వంపు తిరిగిన పొడుగాటి గాజు గొట్టమును తెప్పించి, అందు పాదరసము పోసి, పొట్టి కొమ్మలోని గాలిని నొక్కుట ఆరంభించెను. మొదటి ప్రయత్నమున గొట్టము పగిలెను. ఆయన నిరుత్సాహపడలేదు, తొందరపడనూ లేదు. ఈసారి గొట్టము గదిలో పట్టనంత పొడుగగుటచే వెలుతురుగల మెట్లదారిలో త్రాళ్లతో వ్రేలాడగట్టెను. మరల పగిలినచో పాదరసము పోకుండ అడుగున కొయ్యపెట్టె నుంచెను. ఒకడు పైనుండి పోయుచుండగా, మరియొకడు క్రింద కొలతలు చూచుచుండెను. క్రిందివాడు చెప్పినపుడే పైవాడు కొంచెము కొంచెముగా పోసెను.

పండ్రెండంగుళముల గాలికి మొదట సుమారు 29 అంగుళముల పాదరసమంత ఒత్తిడి యుండెను. గాలి ఆరంగుళములకు కుదించుకొనగా ఒత్తిడి దాదాపు 59 అంగుళములకును, మూడంగుళములకు కుదించుకొనగా 117 అంగుళములకు పైగాను పెరిగెను. వేడిమి మారనిచో, చోటు సగమైన కొలది ఒత్తిడి రెట్టింపగుచున్నది. 1662 లో ప్రకటింపబడిన ఈ నియమమే బాయిలు సూత్రము. ఇట్టి ఊహ రిచర్డు టౌన్లీ అను మిత్రునికి తోచినదని బాయిలు దాచక చెప్పెను.

ఇందలి హెచ్చరికను మనము గమనింపవలెను. నేటి గాలి తుపాకి బుడ్డిలో సాధారణముగా వాతావరణమునకు 200 రెట్ల ఒత్తిడి యుండును. బుడ్డి పగిలినచో ఆ బలమంతయు ఒక్క క్షణమున వెలువడును. కనుక నింపువారు తయారుచేసినవారు నిర్ణయించిన హద్దును ఎన్నడు మీరరాదు. గడువు దాటిన సిలిండరును, దెబ్బతిన్న గొట్టమును వాడరాదు. తుపాకిలో గుండు లేదని ముందే చూచుకొనవలెను. వాల్వును మెల్లగా త్రిప్పవలెను. త్వరగా నింపిన గాలి వేడెక్కి, చల్లారిన పిదప ఒత్తిడి తగ్గి, కొలత తప్పుగా తోచును. గొట్టమును విప్పుటకు ముందు అందు మిగిలిన గాలిని విడువవలెను. తేమలేని శుభ్రమైన గాలినే వాడవలెను. ప్రాణవాయువును మాత్రము ఎన్నటికి నింపరాదు. అది నూనె తగిలిన చోట ప్రేలి ప్రాణములు తీయగలదు.

1670 లో బాయిలు పక్షవాతముచే బాధపడెను. అయినను పని మానలేదు. ఐరిషు భాషలో బైబిలు ముద్రణకు ధనసాయము చేసెను. 1680 లో రాయలు సొసైటీ అధ్యక్షపదవి లభింపగా, ప్రమాణము చేయుటకు మనస్సాక్షి ఒప్పక నిరాకరించెను. వివాహమాడక, కడపటి కాలమంతయు లండనులో అక్క కేథరీను ఇంట గడపెను. ఆమె 1691 డిసెంబరు 23 న మరణించెను. పిమ్మట వారమైన కొద్దికాలమునకే, ఆ మాసాంతమున బాయిలు కన్నుమూసెను.

గొట్టము పగిలినపుడు ధైర్యమును విడువకుండుటయు, తిరిగి మొదలిడునపుడు అడుగున పెట్టె నుంచుటయు ఆయన యొద్ద మనము నేర్వదగినవి. ప్రయోగశాలలో అడుగిడు ప్రతి విద్యార్థియు ఈ రెండింటిని మరువకుండుగాక!