మార్లవాయి మట్టిలో మన బెట్టీ



మార్లవాయి అనగానే మన పిల్లలకు ఇప్పుడు ముందుగా గుర్తొచ్చేది గుస్సాడీ కనకరాజు గారు. 2021లో పద్మశ్రీ పొందిన పెద్దాయన ఊరు అది. ఆ తర్వాత హైమన్‌డార్ఫ్ పేరు చెప్తారు. బెట్టీ ఎలిజబెత్ ఎవరని అడిగితే మాత్రం హైమన్‌డార్ఫ్ భార్య అని ఒక్క ముక్కతో ఆపేస్తారు. కాటేదాన్ ఫ్యాక్టరీల్లో షిఫ్టులు చేస్తూ, అద్దె గదుల్లో ఉంటూ, దండారికి సెలవు దొరికితే ఊరెళ్ళే మన తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఆమె గురించి ఇంకొంచెం తెలుసుకోవాలి. ఆమె కన్నుమూసింది కూడా మీరుంటున్న ఈ హైదరాబాద్‌లోనే.

బెట్టీ ఇంగ్లండ్ ఆడబిడ్డ. పుట్టింటి పేరు బర్నార్డో. 1938లో లండన్‌లో క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్‌ను పెళ్ళి చేసుకుంది. ఆయన వియన్నాలో పుట్టిన మానవ శాస్త్రవేత్త, అప్పటికే నాగా కొండల్లో తిరిగి వచ్చినవాడు. పెళ్ళయిన మరుసటి ఏడాది ఇద్దరూ ఇండియాకు వచ్చారు. అంతలో రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. ఆస్ట్రియాను హిట్లర్ కలిపేసుకోవడంతో ఆయన చేతిలో ఉన్నది జర్మనీ పాస్‌పోర్టు. బ్రిటిష్ ప్రభుత్వం ఆయన్ను శత్రుదేశపు మనిషిగా లెక్కగట్టి, నిజాం రాజ్యం దాటి వెళ్ళొద్దని కట్టడి చేసింది. భార్య ఇంగ్లీషు మనిషి, భర్త శత్రువు! యుద్ధం ఎన్ని ఇళ్ళల్లో ఎన్ని చిక్కులు పెట్టిందో గానీ, ఈ చిక్కు వల్లే వాళ్ళు మన అడవులకు చేరారు.

ముందు అమ్రాబాద్ అడవుల్లో చెంచుల దగ్గర ఉన్నారు. తర్వాత గోదావరి కొండల్లో కొండరెడ్ల దగ్గర. ఆ పైన 1941లో ఆదిలాబాద్.

అప్పుడు మన వాళ్ళు ఏ స్థితిలో ఉన్నారో గుర్తు చేసుకోండి. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం నేలకొరిగాడు. అటవీ శాఖ వాళ్ళు పోడు భూముల నుంచి వెళ్ళగొడుతున్నారు. తాతల నాటి నుంచి దున్నుకున్న భూమికి కాగితం లేదు, కాగితం ఉన్న షావుకారుదే రాజ్యం. గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాలని నిజాం సర్కారుకు అప్పుడు తోచింది. ఈ సంగతి దాచాల్సిన పని లేదు. ఈ దంపతులు వచ్చింది సర్కారు అనుమతితోనే, భీం నెత్తురు ఆరకముందే. వాళ్ళు చేసిన మంచి పనుల వెనుక భీం పోరాటం ఉంది. ఆ వరుస తారుమారు చేసి చెప్పేవాళ్ళ మాట నమ్మకండి.

అయితే వచ్చినవాళ్ళు ఉట్నూరు బంగళాలో కూర్చుని రిపోర్టు రాసి పోలేదు. మార్లవాయిలో మన ఇళ్ళ మధ్యనే చిన్న ఇంట్లో ఉన్నారు. కరెంటు లేదు, రోడ్డు లేదు, చలిజ్వరాలు ఎక్కువ. అలాంటి చోట బెట్టీ సంసారం చేసింది. మన ఊళ్ళల్లో ఒక పరాయి మగవాడికి ఆడవాళ్ళు ఎంతవరకు నోరు విప్పుతారో మీకు తెలుసు. పురుడు, పెళ్ళి, పుట్టింటి బాధ, అత్తింటి పని, ఇవన్నీ తెలియాలంటే పొయ్యి దగ్గర కూర్చునే మనిషి కావాలి. హైమన్‌డార్ఫ్ పుస్తకాల్లో మన ఇంటి లోపలి బతుకు అంత వివరంగా కనబడుతుందంటే, అందులో బెట్టీ కష్టం ఎంతో ఉందని నా నమ్మకం.

1943లో మార్లవాయిలో బడి, గోండు యువకులను పంతుళ్ళుగా తయారుచేసే శిక్షణ కేంద్రం మొదలయ్యాయి. గోండి భాషలోనే వాచకాలు అచ్చు వేయించారు. వేల ఎకరాలకు పట్టాలు వచ్చాయి. ఇంట్లో మాట్లాడే భాష బడిలో వినబడితే పిల్లవాడు పారిపోడని అప్పుడే తేలింది. ఎనభై ఏళ్ళు దాటినా మనం ఇంకా అదే అడుగుతున్నాం.

వాళ్ళ కొడుకు నికొలస్‌ను మన వాళ్ళు లచ్చు అని పిలుచుకున్నారు. అది మార్లవాయి పటేల్ పేరు. ఊరి పెద్ద పేరు పరాయి బిడ్డకు పెట్టుకున్నారంటే ఆ తల్లిని ఏమనుకున్నారో వేరే చెప్పాలా?

1944లో భర్తతో కలిసి ఈశాన్యంలో అపతానీల లోయకు వెళ్ళింది. తర్వాత లండన్, నేపాల్ షెర్పాల ఊళ్ళు. లండన్‌లో ఉన్నప్పుడు బెట్టీ ఒక్కతే ఒక పెద్ద పని తలకెత్తుకుంది. దక్షిణాసియా ప్రజల మీద వచ్చిన పుస్తకాలు, వ్యాసాలు అన్నిటినీ వెతికి పట్టికగా కూర్చింది. దాని మొదటి సంపుటం 1958లో వచ్చింది, తర్వాతవి 1964లో, 1970లో. పరిశోధకులకు ఎంతో పనికొచ్చిన పుస్తకాలు, కానీ పట్టిక కూర్చినవాళ్ళ పేరు ఎవరు గుర్తుంచుకుంటారు!

1976లో ఆయన ఉద్యోగ విరమణ చేశాక ఇద్దరూ మళ్ళీ ఆదిలాబాద్‌కు వచ్చారు. తాము చూసినప్పటి పట్టా భూములు చాలా చోట్ల చేతులు మారిపోయాయి. మైదానాల నుంచి వచ్చినవాళ్ళు మంచి నల్లరేగడంతా ఆక్రమించారు. గిరిజనుల భూమి గిరిజనేతరులకు పోకూడదని 1959లోనే చట్టం ఉంది, 1970లో దాన్ని ఇంకా గట్టి చేశారు. అయినా కాగితం ఒక దారి, పొలం ఒక దారి. అప్పటి గోండుల స్థితి మీద 1979లో వచ్చిన పుస్తకం మీద భర్త పేరుతో పాటు బెట్టీ పేరు కూడా ఉంటుంది. మన తాతల చేతి నుంచి పొలం ఎలా పోయిందో, మనవాళ్ళు ఈ నగరంలో గేటు కాపలాకు, మెషిన్ పనికి ఎందుకు రావాల్సి వచ్చిందో తెలుసుకోవాలంటే ఆ కాలపు రాతలు చదవాలి.

1987 జనవరి 11న బెట్టీ హైదరాబాద్‌లో చనిపోయింది. ఇంగ్లండ్‌కు తీసుకెళ్ళి ఉండొచ్చు. నగరంలో క్రైస్తవుల శ్మశానాలకూ కొదవ లేదు. కానీ ఆమెను దాదాపు మూడు వందల కిలోమీటర్ల దూరంలోని మార్లవాయికి తెచ్చి, మన మట్టిలోనే పెట్టారు. తోడు పోయాక హైమన్‌డార్ఫ్ మునుపటిలా కోలుకోలేదు. 1995లో లండన్‌లో ఆయన కూడా పోయాడు. 2012లో లచ్చు తండ్రి అస్థికలు తెచ్చి తల్లి సమాధి పక్కనే ఉంచాడు. ఆమె అక్కడ పాతికేళ్ళు ఒంటరిగా ఎదురుచూసిందని అనిపిస్తుంది నాకు. ఒంటరిగా అనడం కూడా సరి కాదేమో, చుట్టూ ఊరు ఉంది కదా.

ఏటా జనవరి 11న మార్లవాయిలో ఇద్దరికీ వర్ధంతి జరుపుతారు. చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళు, అధికారులు వచ్చి పూలు పెడతారు. సంక్రాంతికి ముందు రోజులు కాబట్టి షిఫ్టు మార్చుకుని ఒక రోజు ముందు బయలుదేరితే చాలు. ఉట్నూరు దాటి జైనూరు దారి పట్టండి. ఆడపిల్లలను తప్పకుండా వెంట తీసుకెళ్ళండి.