అన్నమయ్య పుట్టింది 1408లోనా, 1424లోనా?

గ్రూప్స్‌కో డీఎస్సీకో చదువుతున్న మన హాస్టల్ మిత్రులకు ఈ తికమక ఎదురయ్యే ఉంటుంది. తాళ్ళపాక అన్నమాచార్యుల జననం ఒక పుస్తకంలో 1408 అని, మరో పుస్తకంలో 1424 అని ఉంటుంది. అచ్చుతప్పు అనుకుని వదిలేస్తాం. కానీ ఆ రెండు అంకెలూ ఒకే రాగిరేకు నుంచి, ఒకే వాక్యం నుంచి వచ్చాయి.

కడప సీమలో రాజంపేట దగ్గరి తాళ్ళపాకలో నారాయణసూరి, లక్కమాంబ దంపతులకు అన్నమయ్య పుట్టాడు. ఎప్పుడూ పాటల ధ్యాసే కావడంతో, ఇంట్లోవాళ్ళు విసుక్కుని గడ్డి కోసుకు రమ్మని పంపారు. కొడవలి తగిలి వేలు తెగింది. కొడవలి అక్కడే పారేసి, అటుగా పోతున్న తిరుమల యాత్రికులతో కలిసి వెళ్ళిపోయాడు. అప్పటికి ఎనిమిదేళ్ళు! ట్రంకుపెట్టెతో మొదటిసారి హాస్టల్ గడప తొక్కిన రోజున మనలో చాలామందికి ఇంచుమించు అదే వయసు.

ఈ సంగతులు చెప్పింది ఆయన మనవడు చిన్నన్న. తాత చరిత్రను ద్విపదలో రాశాడు. సాళువ నరసింహరాయలు తన మీద పాట కట్టమంటే, ఒప్పుకోక సంకెళ్ళు వేయించుకున్న కథ కూడా అందులోదే. రాజుకూ బంటుకూ తేడా లేదని పాడిన మనిషికి అది తగిన కథే. అయితే చిన్నన్న భక్తితో రాశాడు. మహిమలు ఎక్కువ, తేదీలు తక్కువ. ఆ పుస్తకాన్ని వేటూరి ప్రభాకరశాస్త్రి గారు వెలుగులోకి తెచ్చారు.

సంవత్సరం కావాలంటే తిరుమల గుడిలోని చిన్న రాతిగదిలో దొరికిన రాగిరేకుల దగ్గరికే పోవాలి. రెండు వేలకు పైగా రేకుల మీద తాళ్ళపాక వారి సంకీర్తనలు చెక్కించారు. అందులో ఒక రేకు మొదట్లో ఉన్న వచనంలో శక సంవత్సరం 1346, క్రోధి అని ఉంది. అంటే మన లెక్కలో 1424. వెంటనే అన్నమయ్య పుట్టుక, పదహారేళ్ళు, స్వామి ప్రత్యక్షం కావడం, ఈ మూడూ ఒకే ఊపిరిలో వస్తాయి. క్రోధిలో పుట్టాడు, పదహారేళ్ళకు స్వామి కనిపించాడు అని కొందరు చదివారు. పుట్టిన పదహారేళ్ళకు, ఆ క్రోధిలో, స్వామి కనిపించాడు అని మరికొందరు చదివారు. వ్యాకరణం ఇద్దరినీ కాదనదు.

నాకు రెండోదే సరి అనిపిస్తుంది. ఆ రేకు జాతకం కాదు, పాటలకు పీఠిక. ఏనాటి నుంచి ఏనాటి వరకు చెప్పిన పాటలో తెలపడమే దాని పని. చివర శక 1424, దుందుభి, ఫాల్గుణ బహుళ ద్వాదశి అని ముగింపు ఉంది. ముగింపు పాటలదైతే, మొదట్లో చెప్పిన ఏడు కూడా పాటలు మొదలైనదే కావాలి కదా! అప్పుడు 1424 నుంచి పదహారు తీసేస్తే 1408.

సంప్రదాయం చెప్పే ముప్పైరెండు వేల పాటల లెక్కా చూడండి. రోజుకొక పాట చొప్పున 78 ఏళ్ళకు 28 వేలు దాటుతాయి. 62 ఏళ్ళే అయితే 23 వేలు కూడా కావు. ఇది రుజువు కాదు, ఒప్పుకుంటాను. దొరికినవి పద్నాలుగు వేల లోపే.

మరణం విషయంలో తగవు లేదు. అది 1503 ఫిబ్రవరి 23. అప్పటికి ఆయనకు 95వ ఏడు నడుస్తోంది. 2008లో ఆరువందల జయంతి జరిపింది కూడా ఈ లెక్కతోనే. కాబట్టి తమ్ముళ్ళూ, పరీక్షలో 1408కే టిక్కు పెట్టండి. ఇంటర్వ్యూలో ఎవరైనా 1424 సంగతేమిటని అడిగితే మాత్రం, ఆ రాగిరేకు కథ చెప్పండి.