కరువులో కాలువ తవ్వించిన క్లౌ దొర

జమ్మలమడుగు క్యాంప్‌బెల్ ఆసుపత్రి పేరు వినని విద్యార్థి మన హాస్టల్లో ఉండడు. అది ఒకప్పుడు లండన్ మిషన్ వారిది. పొరుగున ఒంగోలు ప్రాంతంలో పనిచేసింది అమెరికన్ బాప్టిస్టు మిషన్. దానికి పేరు తెచ్చిన జాన్ ఎవరెట్ క్లౌ గారి గురించి మిత్రులతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

క్లౌ 1836లో అమెరికాలో జన్మించారు. యువకుడిగా భూమి కొలిచే సర్వేయరు పని నేర్చారు. 1866లో ఒంగోలు చేరారు. ఆ ఏడాదే యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ యోగి బాప్తిస్మం పొందారు. (ఆ ఇంటిపేరు వింటే మనకు మన ఎర్రగుంట్ల స్టేషనే గుర్తొస్తుంది!) మాదిగపల్లెలను కదిలించింది దొరకన్నా పేరయ్యేనని మా అభిప్రాయం. మాదిగలను చేర్చుకుంటే తమ పిల్లలు బడికి రారని పైకులాల వారు తేల్చి చెప్పారు. క్లౌ దంపతులు మాదిగల పక్షమే నిలిచారు. విశ్వాసులు చచ్చిన గొడ్డును తినబోమన్నారు, జాతరలో డప్పు కొట్టబోమన్నారు. ఊరు ఊరుకుంటుందా? కూలి ఆగింది, నీళ్లకు కట్టడి వచ్చింది.

అంతలో 1876లో ధాత కరువు వచ్చింది. మన కడప జిల్లానూ అది వదల్లేదు. ప్రభుత్వం కరువు పనిగా బకింగ్‌హాం కాలువ తవ్విస్తోంది. అక్కడా మాదిగ కూలీలకు తిట్లు, దెబ్బలు తప్పలేదు. అప్పుడు క్లౌ గారి పాత సర్వే చదువు అక్కరకొచ్చింది. మూడు మైళ్లకు పైగా కాలువ పనిని తానే కాంట్రాక్టుకు తీసుకుని, తన బోధకులనే మేస్త్రీలుగా పెట్టారు. అక్కడ కొట్టేవాడు లేడు, చేసిన పనికి కూలి ముట్టింది.

వేలమంది బాప్తిస్మం అడిగారు. కూటి కోసం వచ్చారన్న మాట పడకూడదని ఆయన ఏడాదికి పైగా ఎవరికీ ఇవ్వలేదు. కాలువ పని ముగిశాకే, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. అన్నం కోసం మారారని అప్పుడూ అన్నారు, ఇప్పుడూ అంటున్నారు. కూలి ఇచ్చినప్పుడు ఇవ్వని బాప్తిస్మం సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు.

క్లౌ 1910లో కన్నుమూశారు. ఆయన చెప్పిన జీవితకథను భార్య ఎమ్మా 1914లో పుస్తకంగా వెలువరించారు. క్రీస్తు రక్షణ ఒక్క ఆత్మకే కాదు, సమాజానికి కూడా అని అమెరికాలో వాదించిన వాల్టర్ రౌషెన్‌బుష్ ఈమె తమ్ముడే.

1950 ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైన మాల, మాదిగలు ఎస్సీలు కారు. మన రాష్ట్రంలో వారు బి.సి.-సి. ఊళ్లో వారి పల్లె మాత్రం అక్కడే ఉంది. దరఖాస్తులో మతం అన్న గడి దగ్గర కలం ఆగిపోయిన మిత్రులు మా బ్యాచ్‌లోనూ ఉన్నారు.