కూలి డబ్బుతో కాలేజీ మెట్లు ఎక్కిన సంజీవయ్య

కర్నూలు పట్టణానికి ఐదు కిలోమీటర్ల దూరంలో, కల్లూరు మండలంలో పెదపాడు అనే గ్రామం ఉంది. 1921 ఫిబ్రవరి 14న ఈ గ్రామంలోని ఒక దళిత కుటుంబంలో మునెయ్య, సుంకులమ్మ దంపతులకు ఐదవ సంతానంగా పుట్టిన బాలుడే దామోదరం సంజీవయ్య. తర్వాతి కాలంలో ఆయన ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యారు. దేశంలో ముఖ్యమంత్రి పదవి చేపట్టిన తొలి దళితుడు ఆయనే. ఈ సంగతి జిల్లాలో బడి ముఖం చూసిన ప్రతివారికీ తెలుసు. అయితే సెంటు భూమి లేని ఇంట పుట్టిన పిల్లవాడు ఇంటర్, బి.ఏ., లా చదువులు ఏ డబ్బుతో పూర్తి చేశారన్న సంగతి అంతగా ఎవరూ చెప్పుకోరు. ఏటా జూన్ నెల రాగానే పిల్లల కాలేజీ ఫీజుల కోసం, ఉపకార వేతనాల కోసం పత్రాలు పట్టుకుని కార్యాలయాల చుట్టూ తిరిగే కర్నూలు, కడప జిల్లాల తల్లిదండ్రులకు ఆయన జీవితంలో ముందుగా తెలియవలసింది ఆ భాగమే.

పసులకాపరి బడిలో చేరిన వైనం

సంజీవయ్య పుట్టిన మూడు రోజులకే తండ్రి మునెయ్య మరణించారు. నేత పని, కూలి పని తప్ప వేరే ఆధారం లేని ఆ కుటుంబం మేనమామ ఆశ్రయం కోరి పాలకుర్తి గ్రామానికి వెళ్లింది. ఊహ తెలిసీ తెలియని వయసులోనే సంజీవయ్య అక్కడ పశువుల వెంట తిరిగారు. కొన్నేళ్ల తర్వాత కుటుంబం తిరిగి పెదపాడు చేరింది. అన్న చిన్నయ్య కూలికి వెళ్లి సంపాదించిన డబ్బులతో ఇల్లు గడిచేది. ఆ కూలి డబ్బులే తమ్ముడి పలకా బలపాలకు కూడా ఆధారమయ్యాయి.

నాలుగవ తరగతి వరకు ఊళ్లోనే చదివిన సంజీవయ్య తర్వాత కర్నూలులోని అమెరికన్ బాప్టిస్టు మిషన్ పాఠశాలలో చేరారు. 1935లో మునిసిపల్ ఉన్నత పాఠశాలకు మారారు. 1938లో ఎస్.ఎస్.ఎల్.సి. పరీక్షలో జిల్లాలోనే ప్రథముడిగా నిలిచారు.

ఆ రోజుల్లో ఎస్.ఎస్.ఎల్.సి. గట్టెక్కిన కుర్రవాడు గుమాస్తాగానో, బడిపంతులుగానో కుదురుకుంటే ఇంటిల్లిపాదికీ అన్నం దొరికేది. పేద ఇంట పిల్లవాడిని కాలేజీకి పంపడమంటే ఫీజు ఒక్కటే ఖర్చు కాదు. అప్పటికే చేతికి అంది రావలసిన జీతాన్ని నాలుగేళ్ల పాటు వదులుకోవడం కూడా. ఈ లెక్క 1938లో పెదపాడులో ఎంత నిజమో, ఈనాటికీ ఆలూరు, కోసిగి, పులివెందుల, రాయచోటి ప్రాంతాల వర్షాధారపు పల్లెల్లో అంతే నిజం.

కాలేజీ లేని కర్నూలు

జిల్లాలో మొదటి స్థానం వచ్చినా చదువు ముందుకు సాగడం తేలిక కాలేదు. అప్పటికి కర్నూలులో డిగ్రీ చదువుకునే వసతి లేదు. ఇక్కడి ఉస్మానియా కళాశాల 1947లో, కడప ప్రభుత్వ కళాశాల 1948లో ఏర్పడ్డాయి. అంతకు ముందు సీమ పిల్లలకు పై చదువంటే 1915లో వెలసిన మదనపల్లె కాలేజీ, 1916లో ప్రారంభమైన అనంతపురం దత్తమండల కాలేజీ, అవి కాకుంటే మద్రాసు. ఎక్కడికి వెళ్లినా ఊరు విడవాలి. అద్దె గది, తిండి, బట్టలు, పుస్తకాలు అన్నీ ఫీజుకు తోడవుతాయి.

ఈ దశలో ఒక దగ్గరి బంధువు ముందుకు వచ్చి డబ్బు సర్దారు. ఆ సాయంతో సంజీవయ్య అనంతపురం కాలేజీలో చేరి గణితం ప్రధానంగా చదివి 1942లో బి.ఏ. పూర్తి చేశారు. జిల్లా ప్రథముడి చదువు ఒక్క బంధువు చేతి సాయం మీద ఆధారపడిందన్నమాట. ఆ బంధువు లేకపోయినా, ఆ ఏడు ఆయన చేతిలో డబ్బు ఆడకపోయినా కథ పెదపాడు పొలిమేరలోనే ఆగిపోయేది. అలా ఆగిపోయిన చదువులు ఆ తరంలో ఎన్ని ఉన్నాయో లెక్క కట్టిన వారు లేరు.

ప్రభుత్వ సాయం అప్పట్లో బొత్తిగా లేదని కాదు. మద్రాసు ప్రభుత్వం 1920 ప్రాంతం నుంచి లేబర్ కమిషనర్ ద్వారా అణగారిన కులాల పిల్లలకు హాస్టళ్లు, ఫీజు రాయితీలు, ఉపకార వేతనాలు కల్పించింది. కాని అక్షరం ముక్క రాని తల్లికి ఆ కార్యాలయం ఎక్కడ ఉందో, ఎవరిని అడగాలో, ఎప్పటిలోగా అడగాలో చెప్పే దిక్కు పల్లెల్లో ఉండేది కాదు.

రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో ఈ పరిస్థితి కొంత మారింది. వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో సభ్యుడుగా ఉన్న డాక్టర్ అంబేద్కర్ 1942లో ఇచ్చిన వినతిపత్రం ఫలితంగా షెడ్యూల్డు కులాల విద్యార్థుల పై చదువులకు ఏటా 3 లక్షల రూపాయల వంతున ఐదేళ్ల పాటు ఇచ్చేందుకు కేంద్ర ప్రభుత్వం అంగీకరించింది. ఆ పథకం 1944లో మొదలైంది. నేడు పోస్టు మెట్రిక్ ఉపకార వేతనంగా ప్రతి కాలేజీలో వినిపించే పేరుకు మూలం అదే. సంజీవయ్య బి.ఏ. పట్టా పుచ్చుకున్న రెండేళ్లకు గాని అది రాలేదు.

పట్టా చేతికి వచ్చినా తప్పని కష్టం

బి.ఏ. పూర్తయ్యాక సంజీవయ్యకు నిలకడైన ఉద్యోగం దొరకలేదు. యుద్ధం రోజులు కావడంతో చిన్నా చితకా పనులతో కాలం గడిచింది. 1944లో కేంద్ర ప్రజాపనుల శాఖలో తనిఖీ అధికారిగా బళ్లారిలో ఒక తాత్కాలిక కొలువు దొరికింది. 1945 చివర ఆ కొలువు కూడా రద్దయింది.

సరిగ్గా అక్కడే ఆయన జీవితం మలుపు తిరిగింది. బళ్లారిలో పరిచయమైన ఒక జిల్లా జడ్జి ఆయన తెలివితేటలను గమనించి, లా చదవమని ప్రోత్సహించారు. స్నేహితులూ అదే మాట అన్నారు. 1946లో మద్రాసు వెళ్లి లా కాలేజీలో చేరేనాటికి సంజీవయ్య వయసు 25 ఏళ్లు. పట్నంలో బతుకు ఖర్చుతో కూడిన పని. అందువల్ల జార్జిటౌన్‌లోని ఒక ఉన్నత పాఠశాలలో గణితం బోధిస్తూ, ఆ జీతంతో తన చదువు తాను సాగించారు. 1948లో లా పట్టా పొందారు. 1950లో న్యాయవాదిగా నమోదయ్యారు.

ఆయన చదువు మొత్తాన్ని ఒకసారి కూడి చూస్తే నాలుగు ఆసరాలు కనిపిస్తాయి. అన్న కూలి, బంధువు సాయం, దారి చూపిన జడ్జి మాట, తన సొంత కష్టం. వీటిలో డబ్బు ఖర్చు కానిది జడ్జి మాట ఒక్కటే. కాని అది లేకుంటే మిగిలిన మూడూ కలిసినా ఆయనను లా కాలేజీ దాకా చేర్చగలిగేవి కావేమో.

అధికారం చేతికి వచ్చాక

1950లో సంజీవయ్య తాత్కాలిక పార్లమెంటు సభ్యుడయ్యారు. 1952 ఎన్నికల్లో మద్రాసు శాసనసభకు ఎన్నికై రాజాజీ మంత్రివర్గంలో చేరారు. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన తర్వాత కర్నూలు రాజధానిగా సాగిన ప్రభుత్వంలోనూ మంత్రిగా పనిచేశారు. 1960 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగా బాధ్యతలు స్వీకరించి 1962 మార్చి 12 వరకు కొనసాగారు. పదవి చేపట్టేనాటికి ఆయనకు 40 ఏళ్లు కూడా నిండలేదు.

ముఖ్యమంత్రిగా ఆయన చేసిన పనులలో తన బాల్యం గుర్తులు కనిపిస్తాయి. ఆసరా లేని వృద్ధులకు పింఛను ఇచ్చే పథకం 1960లో ఆయన హయాంలోనే మొదలైంది. వెనుకబడిన తరగతుల రిజర్వేషన్ల శాతం ఆయన ప్రభుత్వమే పెంచింది. పేదవాడికి చేరవలసిన డబ్బు మధ్యలో ఆగిపోరాదన్న ఉద్దేశానికి తోడ్పడే అవినీతి నిరోధక శాఖ 1961లో ఏర్పడింది. తర్వాత అఖిల భారత కాంగ్రెస్ అధ్యక్షుడిగా, కేంద్ర కార్మిక మంత్రిగా పనిచేశారు. కార్మికులకు బోనస్ హక్కు కల్పించిన 1965 చట్టం ఆయన కార్మిక మంత్రిగా ఉన్న కాలంలోనే వచ్చింది. ఇన్ని పదవులు చేసినా తల్లి సుంకులమ్మ పెదపాడులో సాదాసీదాగానే బతికిందని ఊరి పెద్దలు చెప్పుకుంటూ వచ్చారు. 1972 మే నెలలో ఢిల్లీలో సంజీవయ్య కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 51 సంవత్సరాలు.

పథకం ఉంది, దారి తెలియాలి

ఈనాడు పరిస్థితి చాలా మారింది. ఆనాడు బంధువు చేతి సాయంగా అందినది ఇప్పుడు ప్రభుత్వ పథకంగా అందుతోంది. కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం ఏడాదికి 2.5 లక్షల రూపాయల లోపు ఆదాయం ఉన్న షెడ్యూల్డు కులాల కుటుంబాల పిల్లలు పోస్టు మెట్రిక్ ఉపకార వేతనానికి అర్హులు. ఇందులో రెండు భాగాలు ఉంటాయి. కాలేజీ ఫీజు ఒకటి, విద్యార్థి నిర్వహణ ఖర్చుకు ఇచ్చే భత్యం మరొకటి. 2021 మార్గదర్శకాలలో సాధారణ డిగ్రీ చదివేవారికి హాస్టల్లో ఉంటే ఏడాదికి 6,000 రూపాయలు, ఇంటి నుంచి వెళ్లివస్తే 3,000 రూపాయలు భత్యంగా నిర్ణయించారు. మద్రాసులో సంజీవయ్య పాఠాలు చెప్పి పూడ్చుకున్న లోటు ఈ అంకెల్లో ఇప్పటికీ కనిపిస్తుంది. అందుచేత పిల్లవాడిని పట్నం పంపే ముందు గది అద్దె, బస్సు చార్జీలు, పుస్తకాల ఖర్చు విడిగా లెక్క వేసుకోవడం మంచిది.

మన ప్రాంతంలో చదువులు ఆగిపోవడానికి డబ్బు లేమితో పాటు గడువు దాటిపోవడం కూడా ఒక కారణమే. జూన్ నెలలో తొలకరి పడితే వేరుశనగ విత్తనం కొనాలి. అదే నెలలో కాలేజీ చేరికలు, కుల ధ్రువీకరణ, ఆదాయ ధ్రువీకరణ పత్రాల పని ఉంటుంది. పంట తీశాక పడమటి మండలాల కుటుంబాలు మిరప కోతలకు గుంటూరు వైపు వలస వెళతాయి. ఇంట్లో పెద్దవారు లేని సమయంలో బ్యాంకు ఖాతాకు ఆధార్ కలపమనో, మరో సంతకం కావాలనో కబురు వస్తే పని అక్కడే ఆగుతుంది. వేసవిలోనే ధ్రువీకరణ పత్రాలు తీసిపెట్టుకుని, విద్యార్థి పేరు పదవ తరగతి పత్రంలో, ఆధార్‌లో, బ్యాంకు పుస్తకంలో ఒకే తీరుగా ఉన్నదీ లేనిదీ సరిచూసుకుంటే సగం చిక్కులు తప్పుతాయి. ఉపకార వేతనాన్ని ఏటా రెన్యువల్ చేయించుకోవాలనీ, హాజరు 75 శాతానికి తగ్గరాదనీ మొదటి ఏడాదిలోనే పిల్లలకు చెప్పాలి.

ఇలాంటి సంగతులు తెలిసిన మనిషి ఊరికి ఒకరు ఉంటే చాలు. పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడు కావచ్చు, అదే పథకంలో చదివి ఉద్యోగం తెచ్చుకున్న యువకుడు కావచ్చు, గ్రంథాలయంలో కూర్చునే డిగ్రీ విద్యార్థిని కావచ్చు. దరఖాస్తు నింపేందుకు పట్టేది ఒక పూట మాత్రమే. బళ్లారి జడ్జి చేసినది ఇంతకంటే పెద్ద పని ఏమీ కాదు.

సంజీవయ్య పేరిట విశాఖపట్నంలో జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. అక్కడ సీటు కావాలంటే దేశవ్యాప్తంగా జరిగే ప్రవేశ పరీక్ష రాయాలి. చదువు ఖర్చు ఏడాదికి లక్ష రూపాయలు దాటుతుంది. ఆయన పుట్టిన పెదపాడు నుంచో, ఆ చుట్టుపక్కల పల్లెల నుంచో ఒక కూలి బిడ్డ ఆ ప్రాంగణంలో అడుగు పెట్టాలంటే, ఆ పరీక్ష సంగతీ, సాయం దొరికే దారీ ఇంటర్ చదివే రోజుల్లోనే ఎవరో ఒకరు చెప్పి ఉండాలి. ఏటా ఫిబ్రవరి 14న ఆయన విగ్రహాలకు పూలదండలు వేసే పెద్దలు, సంఘాలు అదే రోజున తమ ఊరి ఇంటర్ విద్యార్థుల తల్లిదండ్రులను ఒకచోట కూర్చోబెట్టి ఈ నాలుగు మాటలు చెప్పగలిగితే అంతకు మించిన నివాళి ఉండదు. జూన్ నాటికి పత్రాలన్నీ సిద్ధం చేసుకునేందుకు అప్పటికి ఇంకా నాలుగు నెలల వ్యవధి ఉంటుంది.