విలియం రాక్స్‌బర్గ్

విలియం రాక్స్‌బర్గ్ (1751 - 1815) స్కాట్లాండు దేశానికి చెందిన వైద్యుడు, వృక్షశాస్త్రవేత్త. ఇతడు ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా భారతదేశానికి వచ్చి, నేటి కాకినాడ జిల్లాలోని సామర్లకోటలో పన్నెండేళ్ళపాటు కొత్త మొక్కలను, కొత్త పంటలను పెంచి పరీక్షించాడు. తెలుగునాట పెరిగే వందలాది మొక్కలను శాస్త్రీయంగా వర్ణించి ప్రపంచానికి పరిచయం చేశాడు. ఇతడిని భారతీయ వృక్షశాస్త్ర పితామహుడిగా పేర్కొంటారు.

తొలి జీవితం

రాక్స్‌బర్గ్ 1751లో స్కాట్లాండులోని ఎయిర్‌షైర్ ప్రాంతంలో జన్మించాడు. ఎడింబరో విశ్వవిద్యాలయంలో వైద్యవిద్య అభ్యసించాడు. అక్కడ జాన్ హోప్ వద్ద వృక్షశాస్త్రం నేర్చుకున్నాడు. ఆ రోజులలో మందులన్నీ చాలావరకు మొక్కలనుండే తయారయ్యేవి కనుక వైద్యులకు వృక్షశాస్త్రం తప్పనిసరి పాఠంగా ఉండేది. కొంతకాలం కంపెనీ ఓడలలో వైద్య సహాయకుడిగా పనిచేసి, 1776లో మద్రాసు వైద్యశాలలో సహాయ వైద్యుడిగా చేరాడు. మద్రాసులో ఉండగానే రోజుకు మూడుసార్లు ఉష్ణోగ్రతను, వాయుపీడనాన్ని నమోదు చేయడం మొదలుపెట్టాడు. ఈ వాతావరణ పట్టికలు లండనులోని రాయల్ సొసైటీ పత్రికలో ప్రచురితమయ్యాయి.

సామర్లకోట తోట

1781లో ఇతడు సామర్లకోటలోని కంపెనీ సైనిక స్థావరానికి వైద్యుడిగా బదిలీ అయ్యాడు. అక్కడ ఒక తోటను వేసి కాఫీ, మిరియాలు, దాల్చిన, జాఫ్రా, సీమపనస, మల్బరీ, నీలిమందు మొదలైన మొక్కలను పెంచాడు. వేరే నేలలో బాగా పండే మొక్క గోదావరి ప్రాంతపు నేలలో, ఇక్కడి ఎండలో, ఇక్కడి వానలలో ఎలా పండుతుందో నాటి చూస్తే తప్ప తెలియదు. ఒక్కొక్క మొక్కకూ నేల, నీరు, పూత, కాపు వివరాలను ఇతడు వ్రాసి ఉంచేవాడు.

రాజమండ్రికి ఉత్తరాన ఉన్న కొండలలో అడవి మిరియపు తీగలు పెరుగుతున్నట్లు గుర్తించి, వాటిని తోటలో నాటించాడు. అప్పటివరకు మిరియాలు ప్రధానంగా మలబారు తీరం నుండి వచ్చేవి. ఈ తీగలలో మగపూలు, ఆడపూలు, రెండూ కలిసిన పూలు వేరువేరు తీగలపై పూయడం గమనించి, ఈ జాతికి పైపర్ ట్రయోయికం అని పేరు పెట్టాడు. మగతీగ ఎంత ఏపుగా పెరిగినా కాయదు కనుక, ఏ తీగనుండి అంటు తీసుకోవాలన్నది సాగుకు ముఖ్యమైన విషయం. అయితే కంపెనీ ఆశించిన మిరియాల వ్యాపారం ఇక్కడ నిలదొక్కుకోలేదు.

స్థానిక రైతుల సాగు పద్ధతులను కూడా ఇతడు శ్రద్ధగా అధ్యయనం చేశాడు. రాజమండ్రి ప్రాంతంలో చెరకు పండించి, బెల్లం, పంచదార తయారుచేసే విధానంపై ఒక వ్యాసం వ్రాశాడు. లక్క పురుగు జీవితంపై ఇతడు వ్రాసిన వ్యాసం 1791లో వెలువడింది. అంకుడు చెట్టు ఆకుల నుండి నీలిమందు తీయవచ్చునని పరీక్షించి చూపాడు.

ఉప్పెన, కరువు

1787లో కోరంగి తీరాన్ని ముంచెత్తిన ఉప్పెనలో ఇతడు సేకరించిన ఎండు మొక్కలు, పుస్తకాలు, వ్రాతప్రతులు నష్టమయ్యాయి. ఇతడు సేకరణను మళ్ళీ మొదటినుండి ప్రారంభించాడు. స్థానిక చిత్రకారులను నియమించి ప్రతి మొక్కకూ రంగుల బొమ్మ వేయించాడు. 1790 నాటికి ఇటువంటి బొమ్మలు వందల సంఖ్యలో సిద్ధమయ్యాయి.

1789 - 1792 మధ్య వానలు లేక ఉత్తర సర్కారులలో తీవ్రమైన కరువు ఏర్పడి ఎందరో మరణించారు. సుమారు నూరేళ్ళ క్రితం కూడా ఇటువంటి కరువు వచ్చిందన్న సమాచారాన్ని ఇతడు పిఠాపురం రాజా ద్వారా సేకరించాడు. కరువు మళ్ళీ మళ్ళీ వచ్చేదే అయితే, వానపై ఆధారపడిన ధాన్యం ఒక్కదానినే నమ్ముకోరాదని భావించాడు. కొబ్బరి, తాటి, ఖర్జూరం, అరటి, పనస, సీమపనస, సాగో వంటి ఆహారపు చెట్లను విస్తారంగా నాటించాలని కంపెనీ అధికారులకు ప్రతిపాదించాడు. కంపెనీ తోటల లక్ష్యం ప్రధానంగా లాభం కాగా, కొత్త మొక్కల పరీక్షను ప్రజల ఆకలితో ముడిపెట్టడం ఈ ప్రతిపాదన ప్రత్యేకత.

కలకత్తాలో

యోహాన్ కోనిగ్, పాట్రిక్ రస్సెల్‌ల తరువాత రాక్స్‌బర్గ్ మద్రాసులో కంపెనీ వృక్షశాస్త్రజ్ఞుడయ్యాడు. 1793లో రాబర్ట్ కిడ్ మరణించడంతో, ఆయన స్థాపించిన కలకత్తా వృక్షోద్యానానికి పర్యవేక్షకుడిగా వెళ్ళాడు. సామర్లకోటలోని తోటల బాధ్యతను బెంజమిన్ హైన్ చేపట్టాడు.

కలకత్తాలోనూ కొత్త రకాల అన్వేషణ సాగింది. 1796లో చైనా నుండి ఒక చెరకు రకాన్ని తెప్పించి పెంచాడు. దాని గడ గట్టిగా ఉండడం వలన చెదలు, నక్కలు దానిని అంతగా పాడుచేయలేకపోయేవి. ఇతడు దీనికి సాకరం సైనెన్స్ అని పేరు పెట్టాడు. జనపనార వంటి నార మొక్కలపై కూడా ప్రయోగాలు చేశాడు. ఈ కృషికి లండనులోని సొసైటీ ఆఫ్ ఆర్ట్స్ బంగారు పతకాలతో ఇతడిని గౌరవించింది.

రచనలు

సామర్లకోటలో వేయించిన బొమ్మలలో 300 బొమ్మలను జోసెఫ్ బ్యాంక్స్ పర్యవేక్షణలో మూడు సంపుటాలుగా లండనులో ముద్రించారు. ప్లాంట్స్ ఆఫ్ ది కోస్ట్ ఆఫ్ కోరమాండల్ అనే ఈ గ్రంథం 1795 - 1820 మధ్య వెలువడింది. కలకత్తా తోటలోని మొక్కల జాబితా అయిన హార్టస్ బెంగాలెన్సిస్ 1814లో శ్రీరాంపూరులో అచ్చయింది. ఫ్లోరా ఇండికా అనే గ్రంథం ఇతడి మరణానంతరం విలియం కేరీ కృషితో వెలుగుచూసింది. దాని పూర్తి పాఠం 1832లో ప్రచురితమైంది.

మరణం, ప్రభావం

ఆరోగ్యం క్షీణించి 1813లో భారతదేశాన్ని విడిచాడు. దారిలో సెయింట్ హెలెనా ద్వీపంలో ఆగి అక్కడి మొక్కల జాబితా తయారుచేశాడు. 1815లో ఎడింబరోలో మరణించాడు. అక్కడి గ్రేఫ్రయర్స్ శ్మశానంలో ఇతడి సమాధి ఉంది.

తెలుగు ప్రాంతంలోని అనేక వృక్షాల శాస్త్రీయ నామాల చివర రాక్స్‌బర్గ్ పేరు సంక్షిప్త రూపంలో కనిపిస్తుంది. బీడీ ఆకునిచ్చే తునికి, నారేపి, వేగి వీటిలో కొన్ని. నాగర్‌కర్నూల్ జిల్లాలోని అమ్రాబాదు అడవులతో సహా నల్లమలలో ఈ చెట్లు పెరుగుతాయి. జ్వరానికి మందుగా సింకోనా బెరడుకు బదులు వాడవచ్చునేమోనని ఇతడు పరీక్షకు పెట్టిన సోమిద చెట్టు పేరు, తరువాతి కాలంలో సోయిమిడా అనే ప్రజాతి నామమై, తెలుగు మాటను వృక్షశాస్త్రంలో నిలిపింది. సామర్లకోటలో వేసిన వాణిజ్య పంటలు చాలావరకు ఫలించకపోయినా, అక్కడ తయారైన వర్ణనలను, బొమ్మలను వృక్షశాస్త్రజ్ఞులు నేటికీ సంప్రదిస్తున్నారు.