డాక్టరు తలిమెరెన్ ఆవో

వైద్యవిద్య ముగించిన యువకుడు మరల పల్లెముఖము చూడడను మాట మన మదనపల్లె, పుంగనూరు, సదుం ప్రాంతములలో తరచు వినబడుచుండును. కుమారుని వైద్యకళాశాలకు పంపుటకై మడిచెక్క నమ్మిన రైతు, ఆ కుమారుడు పట్టా చేతబట్టి బెంగుళూరులోనో చెన్నపట్టణములోనో నిలిచిపోగా, తన జ్వరమునకు తానే బస్సెక్కి పోవలసివచ్చుట మనకు క్రొత్త కాదు. అందుచేత, కీర్తి చేతికందిన దినములలోనే తన కొండసీమకు మరలిపోయిన యొక వైద్యుని చరిత్రమును పాఠకుల ముందుంచ దలచితిమి. స్వతంత్రభారతము పాల్గొన్న తొలి ఒలింపిక్ క్రీడలలో ఫుట్‌బాలు జట్టునకు నాయకుడైన తలిమెరెన్ ఆవో ఆ వైద్యుడు.

ఆయన 1918 జనవరి 28న నాగా కొండలలోని చాంగ్కీ గ్రామమున జన్మించెను. తండ్రి క్రైస్తవ మతబోధకుడు. సంతానము పెద్దది, రాబడి కొద్దిది. బంతి కొనుటకు ధనమెక్కడిది? గుడ్డపేలికలు చుట్టిన యుండనే బంతిగా జేసికొని బాలుడు ఇంపూర్ మిషను మైదానమున ఆట నేర్చెను. 1935లో తండ్రి టైఫాయిడు జ్వరమువలన మరణించెను. ఆ జ్వరమునకు నమ్మదగిన ఔషధము వైద్యుల చేతికి వచ్చుటకు ఇంకను పుష్కరకాలము పట్టినది. కుమారుడు వైద్యుడై తమవారికి సేవ చేయవలెనన్నది ఆ తండ్రి కోరిక. ఈ యొక్క కోరికను గుర్తుంచుకొన్నచో ఆవో జీవితములోని తక్కిన నిర్ణయములన్నియు సులభముగా నర్థమగును.

జోర్హాటులో పాఠశాల చదువు, గౌహతిలో కాటన్ కళాశాల చదువు సాగినవి. గౌహతిలోనే మహారాణా క్లబ్బు పక్షమున ఆడి పేరు గడించెను. 1942లో కలకత్తా చేరి కార్మైకేల్ వైద్యకళాశాలలో ప్రవేశించెను. మరుసటి యేడు మోహన్ బగాన్ క్లబ్బు ఆయనను చేర్చుకొన్నది. 1911లో వట్టికాళ్లతో నాడి ఆంగ్ల సైనికదళము నోడించి ఐ.యఫ్.ఏ. షీల్డు గెలుచుకొన్న ఆ క్లబ్బు దేశాభిమానుల కెంత ప్రీతిపాత్రమో వేరుగ చెప్ప నవసరము లేదు. తొలుత ముందువరుసలో నాడుచుండిన ఆవో ఇచ్చట రక్షణభారము వహించు నాటకాడయ్యెను. అచిరకాలములోనే క్లబ్బునకు నాయకుడునయ్యెను. పగలు శవచ్ఛేదనశాల, సాయంకాలము మైదానము. అవి వంగదేశమున క్షామము ప్రజలను కబళించుచుండిన దినములు. 1944లో జపాను సేనలు కొహిమాను ముట్టడింపగా ఆయన పుట్టినసీమయే రణరంగమై, ఆ పట్టణము దాదాపు నేలమట్టమైనది. కలకత్తాలో చదువుకొనుచుండిన నాగా విద్యార్థికి ఆ వార్త లెట్లుండెనో మన మూహింపగలము.

1948 జూలై 29న లండనునగరమున ఒలింపిక్ క్రీడల ప్రారంభోత్సవము జరిగెను. భారతజాతీయ పతాకమును చేబూని మనవారికి ముందు నడచినది ఆవోయే. స్వాతంత్ర్యము వచ్చి యేడాదియైనను నిండలేదు. రాజ్యమేలినవారి రాజధానిలో, వారి రాజు సమక్షమున, మన పతాకము నొక కొండజాతి యువకుడు మోసెను. మా దృష్టిలో ఇది ఆటల చరిత్రకు మాత్రమే చెందిన ఘట్టము కాదు. రెండు దినముల పిదప ఇల్ఫర్డు మైదానమున ఫ్రాన్సుతో పోటీ జరిగెను. మన పదునొకండుగురిలో ఎనమండుగురు వట్టికాళ్లతో నాడిరి. ఫుట్‌బాలు ఆటకు పేరు పాదమునుబట్టి వచ్చినదేగాని జోడునుబట్టి రాలేదని ఆవో ఆంగ్ల విలేఖరులతో చమత్కరించెనని చెప్పుదురు. ఫ్రాన్సు మొదట నొక గోలు చేసెను. మన పొరుగుననున్న బెంగుళూరు ఆటకాడు సారంగపాణి రామన్ దానికి బదులు తీర్చెను. పెనాల్టీలు రెండు లభించియు రెండును వృథాయైనవి. ఆట ముగియబోవు నిమిషమున ఫ్రాన్సు మరియొక గోలు చేసి 2–1గా గెలిచెను. ఓడినను ప్రేక్షకులు మనవారిని మెచ్చుకొనిరి. తరువాత హాలండునకు పోయి మనవారు ఆమ్‌స్టర్‌డాములో అజాక్స్ జట్టును 5–1గా నోడించిరి.

ఆ సమయముననే లండనులోని అర్సెనల్ క్లబ్బు వేతనమిచ్చి తమకడ నాడుమని ఆవోను పిలిచెనని ఒక ప్రతీతి కలదు. కథలు చేతులు మారినకొలది పెరుగును గావున దీనిపై మేము పట్టుబట్టము. ఆయన చేసిన పని మాత్రము నిర్వివాదము: కలకత్తాకు మరలివచ్చి, పరీక్షలకు చదివి, 1950లో యం.బి.బి.యస్. పట్టా పొందెను. అప్పటికాయన వయస్సు ముప్పదిరెండేండ్లు. ఆట మధ్యలో చదువు ఆలస్యమైనదేగాని విడువబడలేదు.

పేరుపొందిన ఆటకాడు, పట్టభద్రుడైన వైద్యుడు. కలకత్తాలో వైద్యవృత్తి పెట్టినచో రోగులకు కొదువ యుండెడిదా? 1953లో ఆయన కొహిమాకు సహాయ సివిల్ సర్జనుగా వెళ్లెను. క్షయరోగులకై 1912లో నెలకొన్న ఆరోగ్యవరము మన మదనపల్లె చెంతనే యున్నది. వైద్యాలయము దగ్గరనున్న యూరికిని లేని యూరికిని గల భేదము మన పాఠకు లెరుగనిది కాదు. నాగా కొండలలో ఆ భేద మింకను తీవ్రము. ఆ కాలమున రైలు దిమాపూరుతో నాగెడిది. అచ్చటినుండి కొహిమాకు డెబ్బది కిలోమీటర్లకు మించిన కొండదారి. అనేక గ్రామములకు ఆ దారియు లేకుండెను. అంతేగాక ఆ దశాబ్దమున నాగా తిరుగుబాటుదారులకును ప్రభుత్వ సేనలకును పోరు చెలరేగెను. ఒకప్పుడు భారతపతాకమును మోసిన నాగాజాతీయుడు సర్కారు వైద్యుడుగా ఆ సీమలో నిలుచుట ఎంత మెలకువ నపేక్షించునో యోచింపదగినది. ఆయన ఆ సీమను విడువలేదు. 1963 డిసెంబరు 1న నాగాలాండు రాష్ట్రమేర్పడెను. 1978లో ఆ రాష్ట్రపు ఆరోగ్యశాఖ డైరెక్టరు పదవినుండి ఆయన విరమించెను. ఇరువదియైదేండ్ల కొలువది, ఆటలో వెలిగిన కాలమున కది రెండింతలకు మించినది.

లండను మైదానమునందలి ఆ రెండు దినముల ముచ్చట పలువురు వ్రాసియున్నారు. కొహిమా ఆసుపత్రిలోని ఇరువదియైదేండ్లనుగూర్చి వ్రాసినవారు బహుస్వల్పము. జ్వరముతో వచ్చి నడిచి పోయినవారి లెక్క గోళ్ల పట్టికవలె అచ్చుపడదు గదా! ఆవో 1998 సెప్టెంబరు 13న కన్నుమూసెను. భారత తపాలాశాఖ ఆయన పేర నొక బిళ్ళ వెలువరించినది 2018లో. అందులకు శతజయంతి రావలసివచ్చెను.